హీరో పక్కన నిలబడ్డవాళ్లు

తెలుగు సినిమాలో అన్నిటికంటే ముందు పాతబడేది హీరో గొప్పతనం. ఒక తరం ఈలలు వేసిన ఫైటు తర్వాతి తరానికి నవ్వు తెప్పిస్తుంది. హాలంతా చప్పట్లు కొట్టించిన డైలాగు ఇరవై ఏళ్లకు ఉత్త అరుపులా వినిపిస్తుంది. అదే సినిమాలో నాలుగు సన్నివేశాల్లో కనిపించి వెళ్లిపోయిన అప్పులవాడో, వంటమనిషో, గయ్యాళి అత్తో మాత్రం నిన్న చూసినట్టే గుర్తుంటారు. 1932లో 'భక్త ప్రహ్లాద'తో మాటలు నేర్చిన తెలుగు తెరకు తొంభై ఏళ్లు దాటాయి. ఇన్నేళ్ల సినిమాల్లో మళ్లీ కూర్చుని చూడదగ్గవాటిని ఏరితే, చాలావరకు ఊరూ మాటా పక్కపాత్రలూ కుదిరినవే చేతికొస్తాయి. ఇక్కడి అభిప్రాయాలన్నీ ఆ కొలతతో చెప్పినవే. కొలతకు లొంగనివీ కొన్ని ఉన్నాయి. వాటి సంగతి వాటి దగ్గరే.

1938 నాటి 'మాలపిల్ల' సినిమాగా ఇప్పుడు బరువుగానే నడుస్తుంది. ఉపన్యాసాలు ఎక్కువ, కదలిక తక్కువ. కానీ ఆలయ ప్రవేశం గురించి ఊరూరా గొడవలు పడుతున్న రోజుల్లో బ్రాహ్మణ యువకుడూ మాలపిల్లా ప్రేమించుకోవడాన్ని తెరకెక్కించడానికి గూడవల్లి రామబ్రహ్మానికి ఎంత గుండె కావాలి! కథ చలానిది, మాటలు తాపీ ధర్మారావువి. ఆ మాటలు గ్రాంథికం వదిలి జనం నోటి దగ్గరికి రావడం కూడా అప్పటికి కొత్తే. మరుసటి ఏడాది అదే దర్శకుడు తీసిన 'రైతుబిడ్డ' జమీందార్లకు ఒళ్లు మండించింది. తమాషా ఏమిటంటే, ఆ సినిమా తీసిన సారథి సంస్థ వెనక ఉన్నదీ ఒక జమీందారే, చల్లపల్లి రాజా. చరిత్ర మీద ఆసక్తి ఉన్నవాళ్లు రెండూ చూడాలి. కాలక్షేపం కోసం కూర్చుంటే మాత్రం అరగంటకే లేవాల్సి వస్తుంది.

బి.ఎన్.రెడ్డి 'మల్లీశ్వరి' (1951) దగ్గరికి వచ్చేసరికి తెలుగు సినిమాకు నెమ్మది వచ్చింది. కథ చాలా చిన్నది. బావామరదళ్లు నాగరాజు, మల్లి ఒక వాన రాత్రి పాత మండపంలో తలదాచుకుంటారు. మారువేషంలో అక్కడికి వచ్చిన రాయలవారు మల్లి పాటా ఆటా చూసి ముచ్చటపడతారు. ఆ పెద్దమనిషి ఎవరో తెలియక, మల్లికి పల్లకి పంపించమని నాగరాజు సరదాకి అంటాడు. పల్లకి నిజంగానే వస్తుంది. ఒక్క వేళాకోళం ఇద్దరి బతుకులనూ విడదీస్తుంది. ఇందులో విలన్ లేడు. రాజు మంచివాడే, ఆచారమే కఠినం. మల్లి తల్లిగా ఋష్యేంద్రమణి డబ్బు మీద ఆశతో కూతుర్ని సాగనంపే తీరులో కూడా దుర్మార్గం కనిపించదు. ఏ ఊళ్లోనైనా ఉండే లోకజ్ఞానమే కనిపిస్తుంది. దేవులపల్లి కృష్ణశాస్త్రి సినిమాకు రాయడం దీనితోనే మొదలు. సాలూరి రాజేశ్వరరావు సంగీతం, భానుమతి గొంతు దానికి తోడయ్యాయి. అప్పట్లోనే ఈ సినిమాను చైనాలో ప్రదర్శించారు. ఒక్క లోపం చెప్పుకోవాలి: చివర్లో రాయలవారు క్షమించేసి అందరినీ ఒడ్డున పడేయడం. అంతసేపూ ఆచారం ఎంత గట్టిదో చూపించిన సినిమా అక్కడ కాస్త మెత్తబడింది. అయినా తెలుగులో వచ్చిన అందమైన సినిమా ఏదని అడిగితే చాలామంది పాతకాలపు ప్రేక్షకులు ఇప్పటికీ దీని పేరే చెబుతారు. వాళ్లతో వాదించడం కష్టం.

అదే ఏడాది విజయా సంస్థ 'పాతాళ భైరవి'ని తెచ్చింది. తోటరాముడిగా ఎన్టీఆర్ కుర్రతనం చూడ్డానికి బాగుంటుంది. సినిమా మొత్తాన్ని భుజాన వేసుకున్నది మాత్రం నేపాళ మాంత్రికుడుగా ఎస్వీ రంగారావే. ఆ నడక, ఆ చూపు, మాటను లాగి వదిలే పద్ధతి ఆయన సొంతం. తర్వాత వచ్చిన మాంత్రికులందరూ ఆయన దగ్గర అప్పు తీసుకున్నవాళ్లే. 1952లో మన దేశంలో జరిగిన మొదటి అంతర్జాతీయ చలనచిత్రోత్సవానికి ఈ సినిమా వెళ్లింది. ఇప్పటి పిల్లలకు చూపించినా విసుగు రాదు.

'దేవదాసు' (1953) దగ్గర కొలత కాస్త తడబడుతుంది. హీరో ఏడుపు ఇప్పుడు సాగదీసినట్టే ఉంటుంది. తాగి చావడం ప్రేమకు గుర్తు అని నమ్మించడానికి ఆ కాలం ఒప్పుకుంది గానీ ఈ కాలం ఒప్పుకోదు. అయినా సినిమా బతికే ఉంది. సి.ఆర్.సుబ్బరామన్ పాటలు ఒక కారణం. ఆయన సినిమా విడుదల చూడకుండానే చిన్న వయసులో కన్నుమూశారు. పార్వతిగా సావిత్రి రెండో కారణం. పెద్దింటి కోడలై, తన వయసు పిల్లలకు తల్లి వరసై, మాట తక్కువ చేసుకున్న ఆ అమ్మాయి అక్కినేని కన్నీళ్లకంటే ఎక్కువ బాధపెడుతుంది.

కె.వి.రెడ్డి 'పెద్దమనుషులు' (1954) పేరు ఈ మధ్య ఎవరూ తలవడం లేదు. ఇబ్సెన్ నాటకం ఒకదాన్ని తెచ్చి తెలుగు మునిసిపాలిటీలో పెట్టారు, అతుకు కనబడకుండా. ధర్మం పేరు చెప్పి ఊరిని మింగే చైర్మన్‌గా జంధ్యాల గౌరీనాథశాస్త్రి ఎక్కడా గొంతు పెంచడు. రేలంగి తిక్క శంకరయ్య వేషంలో తిరుగుతూ ఊరి గుట్టంతా పాటల్లో బయటపెడతాడు. డి.వి.నరసరాజుకు రచయితగా ఇదే తొలి సినిమా. రాజకీయాల మీద తెలుగులో తర్వాత వచ్చిన సినిమాలు చాలావరకు కత్తులు తీసుకుని మొదలవుతాయి. దీనికి కాగితాలు, సంతకాలు చాలాయి. వెతికి చూడదగ్గ సినిమా.

'మిస్సమ్మ' (1955) ఇప్పటికీ తాజాగా ఉండటానికి కారణం అందులో ఎవరూ గొప్పవాళ్లు కాకపోవడం. ఉద్యోగం కోసం మొగుడూ పెళ్లాలమని అబద్ధం చెప్పిన ఇద్దరు పంతుళ్లు, వాళ్లను సొంత బిడ్డల్లా చూసుకునే జమీందారు దంపతులు, అప్పు వసూలుకు వెంటపడే డేవిడ్‌గా రమణారెడ్డి, పైసల కోసం ఎంత అబద్ధమైనా ఆడే దేవయ్యగా రేలంగి. 'దేవదాసు'తో విషాదానికి మారుపేరైన అక్కినేని ఇందులో తెలివిలేని డిటెక్టివ్ వేషం కోరి వేసుకున్నారు. మేరీ పాత్రకు మొదట అనుకున్నది భానుమతిని. ఆమె తప్పుకోవడంతో సావిత్రికి దక్కింది. కోపాన్ని ఇంత ముద్దుగా చేసిన నటి మళ్లీ రాలేదు. ముగింపు మాత్రం రచయిత చక్రపాణి తెలివిగా తప్పించుకున్నదే. క్రైస్తవుల ఇంట పెరిగిన మేరీ తప్పిపోయిన మహాలక్ష్మి అని తేలడంతో చిక్కు దానంతటదే విడిపోతుంది. మేరీ మేరీగానే ఉండి ఉంటే కథ ఏమయ్యేదో అప్పటి సినిమా ఆలోచించదలచుకోలేదు.

1957 మార్చి 27న విడుదలైన 'మాయాబజార్' గురించి ఎంత చెప్పినా ఎక్కువే అనిపిస్తుంది. ఎక్కువ చెప్పక తప్పనిదీ అదే. శశిరేఖ పెళ్లి కథ వ్యాసుడి భారతంలో లేదు. నాటకాల వాళ్లూ కథలు చెప్పేవాళ్లూ దాన్ని పెంచి పెద్ద చేశారు. సురభి నాటక సమాజం వాళ్లు ఆడే 'మాయాబజార్' సినిమాకంటే ముందునుంచే జనానికి తెలుసు. కె.వి.రెడ్డి, పింగళి నాగేంద్రరావు చేసిన సాహసం వేరే ఉంది. భారత కథ తీసుకుని అందులో పాండవులను ఒక్కసారి కూడా చూపించలేదు. వాళ్లు అడవిలో ఉన్నారని అందరికీ తెలుసు, అంతే చాలు. ప్రేక్షకుడికి భారతం తెలుసన్న ఆ నమ్మకమే సినిమాకు మూడు గంటల ఖాళీ జాగా ఇచ్చింది. ఆ జాగాలో రచయిత పెళ్లివారిని కూర్చోబెట్టాడు. వియ్యాలవారి దర్పం, వంటల తగువులు, పురోహితుల పొగడ్తలు, పెళ్లికొడుకు సోకులు చూస్తే దేవతలూ రాక్షసులూ అందరూ కృష్ణా జిల్లా బంధువుల్లా ఉంటారు. పింగళి పుట్టించిన మాటలు కొన్ని నిఘంటువులో లేకపోయినా జనం నోట్లో స్థిరపడ్డాయి.

అభిమన్యుడు ఈ సినిమాలో హీరో అని గుర్తుచేసుకోవాల్సి వస్తుంది. గుర్తుండేది ఘటోత్కచుడు. ఎస్వీఆర్ రాక్షసుడిని చేస్తూనే తల్లిమాట జవదాటని కొడుకునూ, పిల్లల అల్లరినీ కలిపారు. శశిరేఖ రూపంలో ఘటోత్కచుడు దూరినప్పుడు సావిత్రి చేసిన నటన మరీ కష్టమైనది: చీర కట్టిన ఆడపిల్ల, లోపల మీసాలు తిప్పే మగరాక్షసుడు. ఒళ్లు మరిచి గద పట్టినట్టు చెయ్యి పైకెత్తి, వెంటనే సిగ్గు నటించే ఆ క్షణాల్లో హాలు ఇప్పటికీ నవ్వుతుంది. సీఎస్సార్ శకుని, రేలంగి లక్ష్మణకుమారుడు, రమణారెడ్డి చినమయ, అల్లు రామలింగయ్య, వంగరల శర్మ-శాస్త్రి జంట, హిడింబగా సూర్యకాంతం. ఒక్కరిని తీసేసినా ఎక్కడో బోలు వినిపిస్తుంది.

మార్కస్ బార్ట్‌లీ కెమెరాతో పుట్టించిన వెన్నెల గురించి తరతరాలుగా చెప్పుకుంటున్నారు. 2010లో ఈ సినిమాకు రంగులద్ది మళ్లీ విడుదల చేశారు. రంగుల ప్రతి కొత్త ప్రేక్షకులను తెచ్చింది, అది కాదనలేం. కానీ ఆ వెన్నెల నలుపు తెలుపుల కోసం లెక్కగట్టి వేసిన వెలుతురు. చూసేవాళ్లు పాత ప్రతినే చూడటం మేలు.

'గుండమ్మ కథ' (1962) ఇద్దరు పెద్ద హీరోలను పెట్టుకుని సినిమాకు సూర్యకాంతం పాత్ర పేరు పెట్టింది. ఇప్పటి నిర్మాతలకు ఆ ధైర్యం ఉంటుందా అన్నది వేరే ప్రశ్న. కన్నడంలో విఠలాచార్య తీసిన సినిమా దీనికి మూలం. నిక్కరు వేసుకుని పనివాడుగా రుబ్బురోలు దగ్గర కూర్చున్న ఎన్టీఆర్ బాగున్నాడు, జమున విసురు బాగుంది, కానీ గుమ్మంలో గుండమ్మ అడుగుపెడితే చూపు అటే తిరుగుతుంది. ఆమెను దారికి తేవడానికి ఇంకా గయ్యాళి అయిన ఛాయాదేవిని దింపడం మొరటు ఉపాయం. నవ్వు మాత్రం ఆగదు.

బాపు-ముళ్లపూడి రమణల సినిమాల్లో ఎక్కువమంది మెచ్చేది 'ముత్యాల ముగ్గు' (1975). అనుమానించి భార్యను వెళ్లగొట్టిన భర్త, వాళ్లను కలిపే పిల్లలు. ఉత్తర రామాయణాన్ని గోదావరి ఒడ్డుకు తెచ్చారు. ఇషాన్ ఆర్య తీసిన ఉదయాలు, మంచు, నీటి మీద వెలుగు ఆయనకు జాతీయ అవార్డు తెచ్చాయి. తెలుగు సినిమా స్టూడియో గోడలు దాటితే ఎంత అందంగా ఉంటుందో దీనితో కళ్లకు కట్టింది. హీరో గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు, చెప్పించేది రావు గోపాలరావు కాంట్రాక్టరు. మంచి మాటకారి, కళాహృదయం ఉన్నవాడు, హత్య చేయించేటప్పుడు కూడా సూర్యోదయం చూసి మురిసిపోయేవాడు. ముళ్లపూడి అతనికి పెట్టిన గోదావరి యాస కోసం జనం డైలాగుల రికార్డులు కొనుక్కుని ఇళ్లలో వేసుకున్నారు. అంతకుముందు విలన్ పళ్లు కొరికేవాడు. ఈ కాంట్రాక్టరు వచ్చాక విలన్‌కు మాట్లాడటం వచ్చింది. సినిమాలో మేలైనదీ, కాస్త చిక్కు పెట్టేదీ ఒకటే: కథానాయిక కష్టం కంటే విలన్ మాటే మధురంగా ఉండటం.

'శంకరాభరణం' (1980) మీద గౌరవం ఎంత ఉందంటే, దాని గురించి నిజం చెప్పడానికి మొహమాటపడతారు. కె.విశ్వనాథ్ అందులో సంగీతాన్ని రెండు ముక్కలు చేశారు. ఒకవైపు శాస్త్రీయం, రెండోవైపు గిటారు పట్టుకుని అరిచే కుర్రాళ్లు. ఆ కుర్రాళ్లు వట్టి బొమ్మలు, వాళ్లతో వాదన గెలవడం గెలుపు కాదు. సినిమాను నిలబెట్టినవి వేరు. రెవెన్యూ శాఖలో పనిచేసే జె.వి.సోమయాజులు ముఖం ఒకటి. స్టారు కాకపోవడమే ఆయనకు కలిసొచ్చింది. తులసిగా మంజుభార్గవి రెండోది. ఆ పాత్ర దాదాపు మాట్లాడదు. గురువు మీద భక్తి, పుట్టిన ఇంటి మీద అసహ్యం, అవమానం అన్నీ కళ్లతోనే. మూడోది లాయరు మాధవయ్యగా అల్లు రామలింగయ్య. కోపిష్టి శాస్త్రిగారిని తిట్టగల ఒకే ఒక్క మనిషి ఆయన. మాధవయ్య లేకపోతే శంకరశాస్త్రి మీద మనకు భయమే మిగిలేది, ప్రేమ పుట్టేది కాదు. ఈ సినిమా పాటలతోనే ఎస్పీ బాలసుబ్రహ్మణ్యానికి తొలి జాతీయ అవార్డు వచ్చింది.

విశ్వనాథ్ సినిమాల్లో మళ్లీ మళ్లీ చూడగలిగేది 'సాగర సంగమం' (1983). అది ఓడిపోయినవాడి కథ. బాలు గొప్ప నాట్యకారుడు, కానీ ఒక్క పెద్ద వేదిక కూడా ఎక్కలేకపోయాడు. కమల్‌హాసన్ ఎంత బాగా నాట్యం చేశాడన్నదానికంటే, తాగి ఎంత వంకరగా నిలబడ్డాడన్నది గుర్తుంటుంది. పెళ్లిళ్లకు వంట చేసే తల్లి, ఏ ఫొటో తీసినా చెడగొట్టే పిల్లవాడు, చివరిదాకా మోసే స్నేహితుడుగా శరత్‌బాబు. ఇళయరాజాకు, బాలసుబ్రహ్మణ్యానికి ఇది జాతీయ అవార్డులు తెచ్చిపెట్టింది. తెలుగులో నాట్యం మీద వచ్చిన సినిమాల్లో దీన్ని మించింది రాలేదు.

ఈ సినిమాలన్నీ చెన్నైలో పుట్టి కోస్తా మాట మాట్లాడుతున్న కాలంలో తెలంగాణ పల్లె తెర మీద కనిపించడమే అరుదు. ముగ్గురు బయటివాళ్లు ఆ దారి తెరిచారు. మృణాల్‌సేన్ ప్రేమ్‌చంద్ కథ 'కఫన్' తీసుకుని 'ఒక ఊరి కథ' (1977) తీశారు. పనిచేస్తే దొరకే బాగుపడతాడని పని మానేసిన తండ్రిగా వాసుదేవరావు నటన భయపెడుతుంది. శ్యామ్ బెనెగల్ 'అనుగ్రహం' (1978) తీశారు, అది కాస్త దూరంగానే ఉండిపోయింది. గౌతమ్ ఘోష్ 'మా భూమి' మాత్రం జనం సొంతమైంది. కిషన్‌చందర్ ఉర్దూ నవల దీనికి ఆధారం. నిర్మాతల్లో బి.నర్సింగరావు ఒకరు. తెలుగు రాని దర్శకుడు తన మొదటి కథాచిత్రాన్ని తెలుగులో, అదీ సాయుధ పోరాటం మీద తీయడం చిన్న సంగతి కాదు. 1980లో విడుదలై హైదరాబాదులో నెలల తరబడి ఉదయం ఆటలు ఆడింది. రామయ్యగా సాయిచంద్ బాగానే చేశాడు. కానీ సినిమా అతని చుట్టూ తిరగదు. వెట్టి చేసే ముఖాలు, గడీ గుమ్మం, గొంగడి భుజాన వేసుకుని పాడే గద్దర్ కలిసి ఊరినే కథానాయకుణ్ణి చేశాయి. ఎడిటింగు కొన్నిచోట్ల గతుకులు పడుతుంది, నగరం సన్నివేశాలు తొందరగా చుట్టేశారు. ఇవన్నీ చెప్పాక కూడా అది తెలుగులో తప్పనిసరిగా చూడాల్సిన పది సినిమాల్లో ఒకటి.

నర్సింగరావు స్వయంగా తీసిన 'దాసి' (1988) ఇంకా ముందుకు పోయింది. దొరసానితో పాటు అరణంగా వచ్చిన దాసి కమలాక్షి రోజు ఎలా తెల్లవారి ఎలా చీకటిపడుతుందో చూపిస్తుంది, అంతే. ఊడ్వడం, నీళ్లు మోయడం, పిలిస్తే దొర గదికి పోవడం. అర్చనకు ఉత్తమ నటిగా, టి.వైకుంఠానికి కళాదర్శకత్వానికి జాతీయ అవార్డులు వచ్చాయి. సినిమా నెమ్మదిగా ఉందని విసుక్కునేవాళ్లు ఉంటారు. ఆ నెమ్మది లేకపోతే గడీలో కాలం ఎంత బరువో తెలిసేది కాదు.

నవ్వు దగ్గరికొస్తే జంధ్యాల 'అహ నా పెళ్ళంట!' (1987). ఆదివిష్ణు నవల దీనికి మూలం. రాజేంద్రప్రసాద్ హీరో. జనానికి గుర్తున్నది మాత్రం కోడిని వేలాడదీసి దాన్ని చూస్తూ వట్టి అన్నం తినే లక్ష్మీపతి. పిసినారిని తెలుగు సాహిత్యం చాలాసార్లు వెక్కిరించింది గానీ, ఆ పని ఇంత శ్రద్ధగా చేసినవాడు కోట శ్రీనివాసరావే. అరగుండుగా బ్రహ్మానందం దొరికిందీ ఈ సినిమాతోనే. రెండో సగంలో కథ చల్లబడుతుంది, పట్టించుకోనక్కర్లేదు.

1989 తెలుగు తెరకు మలుపు. మణిరత్నం నేరుగా తెలుగులో తీసిన ఒకే ఒక్క సినిమా 'గీతాంజలి' ఆ ఏడాదిదే. పి.సి.శ్రీరామ్ పొగమంచు ఇప్పటికీ బాగుంది, చావు మీద పెట్టిన కవిత్వం కొంచెం ఎక్కువైంది. ఏడాది చివర్లో వచ్చిన రాంగోపాల్‌వర్మ 'శివ' అసలు మార్పు తెచ్చింది. అందరూ సైకిల్ చైన్ గురించి చెబుతారు. నిజంగా కొత్తది శబ్దం. పరుగెత్తే కాళ్ల చప్పుడు, ఖాళీ సందులో నిశ్శబ్దం, గొంతు ఎత్తకుండా భయపెట్టే భవానీగా రఘువరన్. రౌడీకి ఇల్లు, అనుచరులు, రాజకీయ నాయకుడితో లెక్కలు ఉంటాయని ఆ సినిమా చూపించింది. దాన్ని చూసి తీసిన వందలాది సినిమాలు చైన్ పట్టుకున్నాయి, నిశ్శబ్దాన్ని వదిలేశాయి. సింగీతం శ్రీనివాసరావు 'ఆదిత్య 369' (1991) పేరు ఇక్కడే చెప్పాలి. కాలయంత్రంలో రాయల కాలానికి వెళ్లినంతసేపు హాయిగా సాగుతుంది, భవిష్యత్తులోకి దిగాక సెట్టింగులు తేలిపోతాయి.

తర్వాతి పదిహేనేళ్లను తొందరగా దాటవచ్చు. సుమోలు గాల్లోకి లేచిన కాలం అది. మధ్యలో 'బొమ్మరిల్లు' (2006) కొడుకును ప్రేమతోనే ఊపిరాడనివ్వని తండ్రిగా ప్రకాశ్‌రాజ్‌ను ఇచ్చింది. ఆ తండ్రి చాలామంది ఇళ్లలో ఉన్నాడు కాబట్టే అంత ఆడింది. క్రిష్ 'వేదం' (2010)లో కోడలి కిడ్నీ అమ్మి మనవణ్ణి చదివించాలనుకునే చేనేత తాత కథ మిగతా కథలకంటే బరువైనది. అదే ఏడాది వచ్చిన దేవ కట్టా 'ప్రస్థానం'లో సాయికుమార్ నటన ఆయన జీవితంలోనే మేటి.

రాజమౌళి సినిమాల్లో మొదట నిలిచేది 'ఈగ' (2012). హీరోను మొదట్లోనే చంపేసి, మాట రాని పురుగుతో మిగతా కథ నడిపించాడు. ఈగకు డైలాగు లేదు, ఫైటుకు చెయ్యి లేదు, అందుకే ప్రతి సన్నివేశంలో కొత్త ఉపాయం కావాల్సి వచ్చింది. సుదీప్ గాలితో యుద్ధం చేసినట్టు నటించాడు. 'బాహుబలి' రెండు భాగాలు (2015, 2017) చూసినప్పుడు కళ్లు చెదిరాయి. మళ్లీ చూస్తే నిలబడేవాళ్లు శివగామి, కట్టప్ప, బిజ్జలదేవుడు. బాహుబలి మంచితనంలో మలుపు లేదు. శివగామికి తప్పు చేసే హక్కు ఉంది, అందుకే ఆమె మనిషి. పాటకు ఆస్కార్ తెచ్చిన 'ఆర్‌ఆర్‌ఆర్' (2022)లో ఇద్దరి స్నేహం బాగుంది. ఎదుటి పక్షంలో తెల్లవాళ్లంతా అట్టముక్కలు కావడం దాని లోటు.

చిన్న సినిమాలకు 2016 తర్వాత మంచిరోజులు వచ్చాయి. తరుణ్ భాస్కర్ 'పెళ్లి చూపులు' హైదరాబాదు కుర్రాళ్లు నిజంగా మాట్లాడే తీరును తెరమీదికి తెచ్చింది. ఏడాది తర్వాత వచ్చిన 'అర్జున్ రెడ్డి' నటనలో, సంగీతంలో బలమైనదే. కానీ ఆ ప్రేమకథలో అమ్మాయికి మాటే లేదు. స్నేహితుడు శివకు, నాయనమ్మకు ఉన్న వ్యక్తిత్వంలో సగం కూడా ఆమెకు దక్కలేదు. హీరో కోపానికి జనం కొట్టిన చప్పట్లు ఇప్పటికే కొంచెం ఇబ్బందిగా వినిపిస్తున్నాయి. 2018లో సుకుమార్ 'రంగస్థలం' చెవులు సరిగా వినిపించని హీరోతో పెద్ద సినిమా ఆడించింది. రంగమ్మత్తగా అనసూయ, ప్రెసిడెంటుగా జగపతిబాబు ఊరిని నమ్మించారు. అదే ఏడాది నాగ్ అశ్విన్ 'మహానటి' సావిత్రి ఎదుగుదలను ప్రేమగా చూపింది, పతనం దగ్గర మాత్రం తొందరపడింది. కీర్తి సురేశ్ జాతీయ అవార్డుకు అర్హురాలే.

ఆ ఏడాది సినిమాల్లో అన్నిటికంటే ఎక్కువ కాలం ఉండేది బహుశా 'కేరాఫ్ కంచరపాలెం'. వెంకటేశ్ మహా విశాఖపట్నంలో ఆ పేటకే వెళ్లి, ఎక్కువగా ఆ పేటవాళ్లతోనే నటింపజేశాడు. యాభైకి దగ్గరపడినా పెళ్లికాని అటెండరు రాజు, అతని పైఅధికారిగా వచ్చిన రాధ, బడిపిల్లలు, సారా కొట్టులో పనిచేసే గడ్డం. ఎవరికీ మేకప్ లేదు, ఎవరికీ డైలాగు లేదు, ఉన్నది మాట. కులం, మతం, దేవుడు అన్నీ కథలో ఉన్నాయి గానీ ఎవరూ ఉపన్యాసం ఇవ్వరు. చివరి పది నిమిషాల్లో వచ్చే మలుపు ముందుగా తెలియకుండా చూడాలి.

వేణు యెల్దండి 'బలగం' (2023) చావు ఇంటి కథ. తాత కొమురయ్య పోతాడు, పిండం కాకి ముట్టదు. కాకి ముట్టకపోవడానికి కారణం వెతికితే ఎప్పుడో విందులో నల్లిబొక్క దగ్గర మొదలైన తగాదా బయటపడుతుంది. ఇంత చిన్న విషయానికి అన్నాచెల్లెళ్లు ఏళ్ల తరబడి విడిపోతారా అని నగరంలో ఉన్నవాళ్లు అనుకోవచ్చు. సిరిసిల్ల వైపు ఎవరిని అడిగినా తమ ఇంటి కథే ఒకటి చెబుతారు. ప్రియదర్శి పాత్ర మొదట్లో తాత చావును కూడా తన అప్పుల లెక్కలోనే చూస్తుంది. ఆ స్వార్థాన్ని దాచకపోవడం సినిమాకు నిజాయితీ తెచ్చింది. చివర్లో మొగిలయ్య, కొమురమ్మ దంపతులు బుడగ జంగాల బాణీలో పాడే పాట దగ్గర హాళ్లలో ఏడవనివాళ్లు లేరు. పల్లెల్లో తెరలు కట్టి ఊరంతా కలిసి చూశారు. మధ్యలో నవ్వు కోసం పెట్టిన కొన్ని సన్నివేశాలు లేకపోయినా నష్టం లేదు. గత కొన్నేళ్లలో వచ్చిన తెలుగు సినిమాల్లో మొదటి స్థానం దీనిదే.

'35 చిన్న కథ కాదు' (2024) తిరుపతిలో లెక్కలంటే గిట్టని పిల్లవాడి చుట్టూ నడుస్తుంది. సున్నాకు విలువ లేనప్పుడు పక్కన చేరితే ఒకటి పది ఎలా అవుతుందని వాడు అడుగుతాడు. మాస్టారుకు కోపం వస్తుంది గానీ జవాబు రాదు. నివేదా థామస్ చేసిన తల్లి కొడుకుకు చెప్పడం కోసం తనే మళ్లీ లెక్కలు నేర్చుకుంటుంది. తొందరేమీ లేదు ఈ సినిమాకు, పిల్లలతో కలిసి చూడవచ్చు. 2025లో వచ్చిన 'కోర్ట్' పోక్సో చట్టాన్ని పరువు కోసం వాడుకుంటే కుర్రవాడి బతుకు ఏమవుతుందో చెప్పింది. విషయం మంచిది, ప్రియదర్శి లాయరుగా నమ్మించాడు, కానీ కోర్టులో అవతలి పక్షం మరీ తేలిగ్గా ఓడిపోతుంది. ఇంటి పరువు పేరుతో అందరినీ గుప్పిట్లో పెట్టుకునే మంగపతిగా శివాజీ మాత్రం ఒంటిమీద చెమట పట్టించాడు. ఒకసారి తప్పక చూడదగ్గ సినిమా. రెండోసారి చూస్తే మంగపతి కోసమే చూడాలి.